ఫిల్లర్ తిండి, ఆపరేటర్ ఒళ్లు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుస్తకాల్లో చాలా ఏళ్ల పాటు ఒక పట్టిక అచ్చయింది. ఏ పని చేసేవాళ్లను ఏ తరగతిలో లెక్కగట్టాలో చెప్పే పట్టిక అది. కూర్చుని చేసే పనుల కింద బడిపంతులు, దర్జీ, మంగలి ఉంటారు. మధ్యరకం పనుల కింద కుమ్మరి, సాలె, వడ్రంగి, రైతుకూలీ, డ్రైవరు. బరువు పనుల కింద రాళ్లు కొట్టేవాడు, కమ్మరి, కట్టెలు కొట్టేవాడు, రైల్వే గ్యాంగ్‌మన్, వాళ్ల పక్కనే గని కార్మికుడు. 1990లో భారత వైద్య పరిశోధన మండలి కట్టిన లెక్క ప్రకారం అరవై కిలోల మగమనిషి బరువు పని చేస్తే రోజుకు 3,800 కేలరీలు కావాలి. మధ్యరకం పనికి 2,875. కూర్చుని చేసే పనికి 2,425.

ఈ మూడు తరగతులూ మా ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. మా నాన్న, మేం బాపు అంటాం, గోదావరిఖని బొగ్గు బాయిల్లో కోల్ ఫిల్లర్. నేను రానివాళ్ల బదులు దిగే బదిలీ ఫిల్లర్‌గా చేరి, తర్వాత ఓపెన్‌కాస్టుకు పోయి డంపర్ ఆపరేటర్‌నయ్యాను. నా కొడుకు హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. మూడు తరాల్లో పని రెండు మెట్లు దిగింది. కంచంలో అన్నం మాత్రం చాలాకాలం బాపు కొలతలోనే నడిచింది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని, తగ్గుతూ తగ్గుతూ మధ్యలో తూకం ముల్లు కదలకుండా ఆగిపోయినప్పుడు నేను ఈ చరిత్ర వెతుక్కున్నాను. మా కోల్‌బెల్టులో ఇవాళ ఈ ఆపరేషన్ గురించి అడుగుతున్నవాళ్లు పెరుగుతున్నారు. ఆగిపోయిన రోజు వాళ్లు తమను తాము తిట్టుకోకూడదన్నదే నా తపన.

మాకు పని ఇచ్చిన సింగరేణి బొగ్గు కంపెనీ కథ మా ఊళ్లో మొదలవలేదు. 1870ల మొదట్లో జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు వచ్చాయి, 1889లో బొగ్గు బయటికొచ్చింది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. గోదావరి ఒడ్డున ఉన్న మా రామగుండం వైపు బాయిలు తెరుచుకున్నది 1960ల మొదట్లో. ఆ తర్వాత ఎరువుల కర్మాగారం వచ్చింది, 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ మొదలైంది. చుట్టూ పల్లెల్లో చెరువు ఎండినవాడు, భూమి లేనివాడు, దొర దగ్గర బతకలేనివాడు అందరూ ఇటు నడిచారు. మా బాపు 1972 కరువు తర్వాత మంథని పక్క పల్లె నుంచి వచ్చాడు. అప్పటికి ఇంట్లో మక్క గట్క, జొన్న అంబలి తప్ప వరి అన్నం పండుగ తిండే. బాయి పని దొరికాకనే మా ఇంట్లో రెండు పూటలా బియ్యం ఉడికాయి.

ఫిల్లర్ పని చూడనివాళ్లకు చెప్పాలి. నేను కూడా కొన్నేళ్లు చేశాను కాబట్టి నా చేతులకు గుర్తుంది. ముందు డ్రిల్లర్లు బొగ్గు ముఖానికి రంధ్రాలు వేస్తారు. షాట్‌ఫైరర్ మందు కూరి పేలుస్తాడు. పొగ పూర్తిగా పోకముందే ఫిల్లర్లు లోపలికి పోతారు. చేతిలో చెమ్మస్ అనే పార, పక్కన తట్ట. చెమ్మస్‌ను బొగ్గు మీద నుంచి కొడితే కాదు, నేలకు ఆనించి కిందికి జార్చాలి. అట్లయితేనే నిండుతుంది, లేకపోతే నడుం పోతుంది. నిండిన తట్టను ముందు మోకాలు మీదికి, అక్కణ్ణుంచి రొమ్ము మీదికి, ఆ ఊపులోనే భుజానికి ఎత్తాలి. మోకాలు దగ్గర ఒక్క క్షణం ఆగామంటే ఊపు చచ్చిపోయి బరువు రెండింతలవుతుంది. భుజం మీది తట్టను టబ్బు అంచు దాకా మోసి గుమ్మరించాలి. పైకప్పు ఎత్తు తక్కువ ఉన్నచోట వంగే నడవాలి. టబ్బు అంటే అటూఇటూగా ఒక టన్ను. తట్టకు పాతిక కిలోలు అనుకున్నా నలభై తట్టలు పోస్తే ఒక టబ్బు నిండుతుంది. పీస్ రేటు కాబట్టి ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. టబ్బు మీద సుద్దముక్కతో గ్యాంగు నంబరు రాసి, టబ్బులు నెట్టే ట్రామర్లకు అప్పగించి, మళ్లీ తట్ట ఎత్తుకునేది. లోపల ఉక్కపోతకు చెమట బూట్లలోకి దిగేది.

ఇంత పని చేసే ఒళ్లు ఎంత తింటుంది? 1952లో స్కాట్లాండ్‌లోని ఫైఫ్ బొగ్గు ప్రాంతంలో పాస్‌మోర్, డర్నిన్ మొదలైన శాస్త్రవేత్తలు ఇదే ప్రశ్న వేసుకున్నారు. అక్కడి బొగ్గు కార్మికులనూ, అదే చోట ఆఫీసు గుమస్తాలనూ పక్కపక్కన పెట్టి, ఊపిరి కొలిచి, తిండి తూచి లెక్క తేల్చారు. కార్మికుడు రోజుకు ఖర్చు పెట్టే శక్తి సుమారు 3,660 కేలరీలు, గుమస్తాది 2,800. మన లెక్కలోని 3,800కు అది ఎంత దగ్గరో చూడండి. తట్టతో నింపే మా బాపు పని ఆ స్కాట్లాండ్ కార్మికుడి పనికంటే తేలిక అయ్యుంటుందని నేననుకోను.

ఫస్ట్ షిఫ్టు అయితే అవ్వ, అంటే మా అమ్మ, నాలుగున్నరకే పొయ్యి ముట్టించేది. దొడ్డు బియ్యం అన్నం, ఒక కూర, పచ్చిపులుసు. గిన్నెలో అన్నం వేలితో అదిమి, పైన మళ్లీ వేసి, మూత మీద మోచేయి పెట్టి నొక్కేది. బాపు రోజు మొత్తానికి తినే బియ్యం పచ్చిగా ఏడు వందల గ్రాములకు తక్కువ ఉండేది కాదు. జాతీయ పోషకాహార సంస్థ పాత లెక్కలో వంద గ్రాముల బియ్యానికి 345 కేలరీలు, అంటే ఒక్క అన్నంతోనే 2,400 వచ్చేవి. మాంసకృత్తులు మాత్రం ఆ లెక్కలో వందకు ఏడు గ్రాములైనా ఉండవు. పప్పు పలుచన, జీతం రోజున మటన్, దానితో సారా. 1993 అక్టోబరులో సారా మీద నిషేధం వచ్చేదాకా మా క్వార్టర్ల వెనక సారా దుకాణం ఎప్పుడూ మూతపడలేదు.

ఇంత తిన్నా బాపు ఒంటి మీద పిడికెడు కొవ్వు లేదు. గనుల చట్టం కింద కార్మికులకు కొన్నేళ్లకోసారి వైద్య పరీక్ష చేస్తారు, మేం పీఎంఈ అంటాం. ఆయన పాత కాగితాలు అవ్వ పెట్టెలో ఉన్నాయి. ఎప్పుడు తూచినా యాభై రెండు, యాభై మూడు కిలోలు. ఇంకో రికార్డు కూడా ఉంది. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుకునేవాళ్లం. తెలంగాణ బయటివాళ్లకు చెప్పాలంటే, మనిషి బరువుకు సరితూగే బెల్లం తక్కెట్లో తూచి అమ్మవార్లకు ఇవ్వడం. ఆ అమ్మవార్ల జాతర జరిగే మేడారం పోలేని ఏడు మా గోదావరి ఒడ్డు జాతరలోనే ఇచ్చేవాళ్లం. ఎంత బెల్లం కొన్నామో అవ్వ నోటికి చెప్పేది. బాపు ఎత్తు బంగారం ఏ జాతరలోనూ యాభై అయిదు దాటలేదు.

1996లో బాపు నడుం పూర్తిగా పోయింది. మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయ్యాడు, వారసత్వం కింద నాకు ఉద్యోగం వచ్చింది. అప్పటికే బాయిలు మారుతున్నాయి. 1980ల్లోనే మా గోదావరిఖనికి లాంగ్‌వాల్ యంత్రం వచ్చింది. చేతి సెక్షన్ల స్థానంలో ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ బండ్లు బొగ్గు ఎత్తడం మొదలుపెట్టాయి. 1970ల నడుమ నుంచి పెరుగుతూ వచ్చిన ఓపెన్‌కాస్టులు చివరికి దాదాపు అంతా తామే అయ్యాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు మాత్రం అప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువగా, ఏడాదికి ఏడు కోట్ల టన్నుల దాకా వస్తోంది. ఈ రెండు అంకెల మధ్య మాయమైంది తట్ట. నేను దానికి ఏడవను. తట్ట ఎన్ని వెన్నెముకలు తిన్నదో నాకు తెలుసు. యంత్రం రావడం న్యాయమే. యంత్రం వస్తే ఒళ్లు ఏమవుతుందో ఆలోచించిన మనిషి మాత్రం, యాజమాన్యంలో గానీ యూనియన్‌లో గానీ ఇంట్లో గానీ, ఎవరూ లేకుండె.

డంపర్ క్యాబిన్‌లో ఎనిమిది గంటలు కూర్చుంటాం. కింద వంద టన్నుల బండి, ముందు దుమ్ము, మే నెలలో రామగుండం ఎండ నలభై అయిదు దాటితే క్యాబిన్ ఒక్కటే చల్లగా ఉండే చోటు. పాత పట్టిక డ్రైవరును మధ్యరకం పనుల్లో వేసింది. లారీ స్టీరింగు తిప్పడం కుస్తీ పట్టినట్టుండే రోజుల లెక్క అది. మా బండికి హైడ్రాలిక్ స్టీరింగు, వేళ్లతో తిరుగుతుంది. నా టిఫిన్ గిన్నె మాత్రం బాపుదే. అవ్వ నొక్కినట్టే నా భార్య నొక్కేది. "బాయికి పోయేటోడు కడుపు నిండ తినాలె" అన్న మాట అత్త నుంచి కోడలికి వచ్చింది. ఒకప్పుడు ఆ మాటలో పచ్చి నిజం ఉండేది. తక్కువ తిన్న ఫిల్లర్ మధ్యాహ్నానికి కళ్లు తిరిగి పడిపోయేవాడు. అందుకే ఇంట్లో మొదటి అన్నం, మంచి ముక్క బాయికి పోయేవాడికే పెట్టేవాళ్లు. ఆచారం అట్లా పుట్టింది, పని పోయినా నిలిచింది. దానికి నైట్ షిఫ్టు తోడైంది. రాత్రి రెండింటికి మిర్చి బజ్జీలు, చక్కెర దండిగా వేసిన చాయ్.

2018 జాతరలో నా ఎత్తు బంగారం నూట పన్నెండు కిలోలు. చుట్టాలు సంబరపడ్డారు. బతికి చెడ్డ కుటుంబం మళ్లీ బతికినట్టు చూశారు. కరువు నుంచి వచ్చినవాళ్ల కళ్లకు లావు అంటే అన్నం. ఆ సంబరాన్ని నేనిప్పుడు తప్పు పట్టలేను. కానీ అప్పటికే నాకు షుగరు వచ్చింది, రాత్రి గురకలో ఊపిరి ఆగుతోంది. వంద టన్నుల బండి నడిపేవాడికి పగలు కన్ను మూతపడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నా ప్రాణం ఒక్కటే కాదు, హాలేజ్ రోడ్డు మీద ఎదురొచ్చే జీపులోవాళ్ల ప్రాణాలు కూడా. నాకు అన్నిటికంటే భయం పుట్టించింది అదే.

మన ఒళ్ల గురించి ఇంకో సంగతి కూడా ఉంది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, కానీ యాజ్ఞిక్ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు రెండింతలకు పైగా ఉంది. సన్నగా కనిపించే మనవాళ్ల పొట్టలో కొవ్వు దాక్కుంటుందని ఆయన పుణె పల్లెల్లో పుట్టిన పిల్లల దగ్గర నుంచి చూపించుకుంటూ వచ్చారు. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో మన వైద్యులు గీత కిందికి దించారు. నేను నూట పద్దెనిమిది కిలోలకు చేరేసరికి నా బీఎంఐ నలభై దాటింది.

దసరాకు వచ్చే లాభాల వాటా, దాచుకున్న డబ్బు కలిపి 2022లో హైదరాబాద్‌లో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. కడుపు సంచిలో ముప్పావు భాగానికి పైగా నిలువునా కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మిగిలిస్తారు. కొవ్వు తీయించుకోవడం, ఇది ఒకటే అనుకునేవాళ్లు మా దగ్గర ఇప్పటికీ ఉన్నారు. 2015లో నటి ఆర్తి అగర్వాల్ చనిపోయినప్పుడు పుట్టిన భయం అది. ఆమె చేయించుకున్నది లైపోసక్షన్. చర్మం కింది కొవ్వును పీల్చే పని అది, కడుపు మీద చేసే ఈ ఆపరేషన్‌తో దానికి సంబంధం లేదు.

ఈ ఆపరేషన్ చరిత్ర కూడా వంకరటింకరగానే నడిచింది. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్ అనే సర్జన్లు చిన్నపేగులో పెద్ద భాగాన్ని పక్కకు తప్పించే పద్ధతి గురించి రాశారు. బరువు తగ్గింది కానీ కాలేయం చెడిపోయింది, మూత్రపిండాల్లో రాళ్లు పడ్డాయి, చివరికి ఆ పద్ధతిని వదిలేశారు. అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్, పుండ్ల కోసం కడుపులో కొంత భాగం తీయించుకున్నవాళ్లు మళ్లీ లావెక్కకపోవడం గమనించి 1960ల్లో గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. స్లీవ్ అయితే మొదట విడి ఆపరేషన్ కూడా కాదు. పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేనివాళ్లకు తొలి అంచెగా చేసేవాళ్లు. ఆ అంచెకే చాలామంది బాగా తగ్గడంతో అదే నిలబడింది.

నేను నూట పద్దెనిమిది నుంచి ఎనభై తొమ్మిదికి దిగాను. అక్కడ ఆగాను. అంతకుముందు మొదటి నెలలో ఒకసారి ఆగితే డైటీషియన్ ముందే చెప్పి ఉన్నారు, అది చాలామందికి వచ్చేదే, ఒంట్లోని నీళ్ల లెక్క సర్దుకునే దశ అని. అది వారాల్లో పోయింది. ఈ రెండో ఆగడం నెలలు పట్టింది. తినేది గుప్పెడు, నడిచేది గోదావరి బ్రిడ్జి దాకా, తూకం మాత్రం ఎనభై తొమ్మిదే. ఒక ఆసుపత్రిలో కుర్చీలో కూర్చున్నాయన తల కూడా ఎత్తకుండా "ఏదో చాటుగా తింటున్నావ్" అన్నాడు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

బాయి మీద ఇంకో రకం మాటలు. మా దగ్గర ఒంటి బరువు తగ్గిందంటే మంచికి అనుకోరు. బక్కపడ్డాడంటే టీబీనో, ఊపిరితిత్తుల్లో దుమ్మో అనుకునే తరం ఇంకా ఉంది, వాళ్లు చూసింది అదే కాబట్టి. ఒక పెద్దాయన నన్ను మస్టర్ దగ్గర పక్కకు పిలిచి, "ఏం రా, అన్‌ఫిట్‌కు పెట్టుకుంటున్నవా? కొడుక్కు నౌకరి కోసమా?" అని అడిగాడు. "లేదు కాకా, ఆపరేషన్ చేయించుకున్న" అంటే నమ్మలేదు. తండ్రి బతికుండగా వారసుడికి ఉద్యోగం రావాలంటే తండ్రి ఒళ్లు చెడిపోయిందని బోర్డు రాయాలి. అట్లాంటి చోట తండ్రి బాగుపడటానికి సన్నబడ్డాడంటే ఎవరికి ఎట్లా తోస్తుంది?

ఆ నెలల్లోనే నేను చదవడం మొదలుపెట్టాను. ముందుగా దొరికింది మళ్లీ మిన్నెసోటానే. 1944 నవంబరు నుంచి ఏడాది పాటు ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త అక్కడి విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియం కింది గదుల్లో 36 మంది యువకులను ఉంచాడు. యుద్ధంలో ఆయుధం పట్టం అని నిరాకరించి, దానికి బదులు ఈ పరీక్షకు ఒప్పుకున్నవాళ్లు వాళ్లు. యుద్ధం ముగిశాక ఆకలితో ఎండిపోయిన యూరప్‌కు తిండి ఎట్లా పెట్టాలో తెలుసుకోవడం ఉద్దేశం. 24 వారాల పాటు వాళ్లకు రోజుకు సుమారు 1,570 కేలరీలే ఇచ్చారు. మొదట బరువు గబగబా పడింది. తర్వాత పడటం నెమ్మదించింది. చివరి వారాలకు గీత చదునైపోయింది. ఒంట్లోని మంట తగ్గిపోయింది. చలి వేసేది, గుండె నెమ్మదిగా కొట్టుకునేది, ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదివేవాళ్లు. వాళ్లు మొత్తానికి కోల్పోయింది తమ బరువులో నాలుగో వంతు. నేను ఆగింది కూడా దాదాపు నాలుగో వంతు దగ్గరే.

వాళ్లది సన్నటి ఒళ్లు, నాది లావు ఒళ్లు. రెండూ ఒకటని నేననను. కానీ లావు ఒళ్ల మీద కూడా 1995లో రుడాల్ఫ్ లైబెల్, అతని తోటివాళ్లు న్యూయార్క్‌లో కొలిచారు. బరువులో పదో వంతు తగ్గినవాళ్ల ఒళ్లు, చిన్నదైనందుకు తగ్గాల్సినదానికంటే ఎక్కువే పొదుపు చేస్తోంది. మొదట లావున్నవాళ్లయినా, సన్నగా ఉన్నవాళ్లయినా అదే తీరు. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా కడుపులో ఊరే గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్‌ను కనిపెట్టారు. ఊరికే పథ్యం చేసి తగ్గినవాళ్లలో అది పెరుగుతుంది, అంటే తగ్గినకొద్దీ ఆకలి ఎక్కువవుతుంది. స్లీవ్‌లో తీసేసే కడుపు భాగంలోనే అది ఎక్కువగా ఊరుతుంది. కాబట్టి ఆపరేషన్ అయినవాళ్లు పథ్యం మీదే ఉన్నవాళ్లకంటే చాలా దూరం దిగి ఆగుతారు. ఆగడం మాత్రం తప్పదు. స్వీడన్‌లో 1987 నుంచి వేలమందిని వెంటబెట్టుకుని చూసిన అధ్యయనంలో ఆపరేషన్ అయినవాళ్ల బరువు ఒకటి రెండేళ్లలో అడుగు తాకి, తర్వాత కొంత పైకొచ్చి నిలిచింది. పదేళ్లకు బైపాస్ చేయించుకున్నవాళ్లలో నిలిచిన తగ్గుదల మొదటి బరువులో సుమారు 25 శాతం. అదే అధ్యయనం ఆపరేషన్ అయినవాళ్లలో చావులు తక్కువని కూడా తేల్చింది.

అంటే నన్ను ఆపింది చాటు తిండి కాదు, బద్ధకం కాదు. 1972లో బాపును మంథని పక్క నుంచి ఇక్కడిదాకా నడిపించి బతికించిన గుణమే. తిండి తగ్గితే ఖర్చు తగ్గించుకునే ఒళ్లు లేకపోతే కరువులు దాటి మనం ఇక్కడ ఉండేవాళ్లమే కాదు. ఆ కుర్చీలో ఆయనకు ఈ మాట తెలిసి ఉంటే నాకు అన్ని నెలల సిగ్గు ఉండేది కాదు.

పని పోయినందుకే లావయ్యామన్న నా మొదటి లెక్క కూడా సగమే నిజమని తర్వాత తేలింది. హెర్మన్ పాంట్జర్ అనే పరిశోధకుడు 2012లో టాంజానియాలో వేటాడి బతికే హడ్జా జనం మీద కొలతలు ప్రచురించాడు. రోజంతా నడిచి, తవ్వి, వేటాడే ఆ మనుషులు మొత్తం మీద ఖర్చు పెట్టే శక్తి, ఒళ్ల సైజు లెక్క తీసేస్తే, కుర్చీలో కూర్చునే అమెరికన్ల ఖర్చుకు దగ్గరగానే ఉంది. ఫిల్లర్ పని అంతకంటే బరువైనది కాబట్టి ఫైఫ్ లెక్క అబద్ధం కాదు. కానీ ఆగిన ముల్లును నడకతో నెట్టేద్దామనుకునే నాలాంటివాడికి ఇది తెలియాలి. నడక గుండెకు మంచిది, షుగరుకు మంచిది, తగ్గినదాన్ని నిలబెట్టడానికి మంచిది. ముల్లును అదొక్కటే కదపదు.

నాకు పనికొచ్చినవి చిన్నవి. డైటీషియనమ్మ నా చాయ్‌లు అడిగింది. షిఫ్టులో ఎవరు పిలిస్తే వాళ్లతో తాగే చాయ్‌లో చక్కెర, అలసట తీరుతుందని తాగే పండ్ల రసం, ఇవి మిగిలిన గొట్టం కడుపులో ఆగవు, నీళ్లలా జారిపోతాయి, ఆకలి తీర్చవు. మద్యం ఇంకా చెడ్డది, ఈ ఆపరేషన్ తర్వాత తొందరగా ఎక్కుతుంది కూడా. ఆమె రెండోది అడిగింది మాంసకృత్తులు. రోజుకు అరవై గ్రాములకు తక్కువ కాకూడదంది. బియ్యం మీద పెరిగిన ఇంట్లో అది కష్టం. గుడ్లు, పెరుగు, చికెన్, ఉడికించిన శనగలు ముందు తిని, చోటు మిగిలితేనే అన్నం. మా కంచాన్ని తిరగేసినట్టయింది. మూడోది బరువులెత్తడం. కొవ్వుతో పాటు కండ పోతే ఒళ్లు ఖర్చు పెట్టేది ఇంకా తగ్గుతుంది. సింగరేణి స్టేడియం పక్క జిమ్‌లో కుర్రాడు ఇనుప బరువును మోకాలు నుంచి రొమ్ముకు, రొమ్ము నుంచి భుజానికి ఎత్తమన్నప్పుడు నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. "అంకుల్, మీరు ఇంతకుముందు చేసిన్రా?" అని అడిగాడు. చేశాను, టబ్బులు నింపాను.

నైట్ షిఫ్టు వారంలో పడుకునే వేళ కుదుర్చుకోవడం అన్నిటికంటే కష్టమైంది, ఇప్పటికీ పూర్తిగా కుదరలేదు. రక్తపరీక్షల్లో బీ12, ఐరన్, డీ విటమిన్ తక్కువ లేకుండా చూసుకోవాలి, ఆ మాత్రలు బతికినంతకాలం. తూకం వారానికి ఒకసారే చూడమని, నడుం మాత్రం టేపుతో కొలవమని ఆమె చెప్పింది. తూకం కదలని నెలల్లో నా బెల్టు రెండు రంధ్రాలు లోపలికి పోయింది. షుగరు మాత్ర ఒకటి తగ్గింది. గురక మిషను అక్కర్లేదని డాక్టరు రాసిచ్చారు. నిజానికి నేను ఆపరేషన్‌కు పోయింది వీటికోసమే.

ఎనభై తొమ్మిది తర్వాత ముల్లు మళ్లీ కదిలింది, మెల్లగా. 2024 జాతరకు నా ఎత్తు బంగారం ఎనభై ఆరు కిలోలు. తర్వాత ఎనభై నాలుగు దగ్గర నిలిచాను, ఇంకా కిందికి పోకపోవచ్చు. డాక్టరు దాన్ని ఫలితం అంటారు, నేనూ అదే అంటాను. మా డంపర్ యార్డులో ఇద్దరు కుర్రాళ్లు ఇప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నారు. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశానికి వచ్చాక ఇంకొకరు వాటి గురించి అడుగుతున్నారు. వాటితో తగ్గినా ఆగే చోటు ఒకటి వస్తుంది, మానేస్తే చాలామందికి తిరిగి పెరుగుతుంది, డాక్టరు లేకుండా ముట్టుకోవద్దు అని చెబుతున్నాను. ముగ్గురికీ ముందు ఒకటే పని పెట్టాను. ఇంటికి పోయి తమ తండ్రి పీఎంఈ కాగితం తీసి, ఆయన బరువు ఎంత, ఆయన చేసిన పని ఏంది, ఆయన గిన్నెలో అన్నం ఎంత అని రాసుకుని, పక్కనే తమవి రాయమన్నాను. ఒకడు తెచ్చాడు. వాళ్ల నాన్న టింబర్‌మన్, యాభై నాలుగు కిలోలు. కుర్రాడు నూట ఆరు. గిన్నె ఒక్కటే, దాని మీద చెక్కిన పేరు కూడా ఇంకా వాళ్ల నాన్నదే.